రెండో రౌటర్ పెట్టాక ప్రింటర్ అందడం లేదు, సహాయం చేయగలరు

మిర్యాలగూడలో మాకు చిన్న రైస్ మిల్లు ఉంది. ఆఫీసు రౌటర్ సిగ్నల్ గోడలు దాటి కాంటా గదికి చేరకపోవడంతో, అక్కడికి కేబుల్ లాగి రెండో వైఫై రౌటర్ బిగించాను. ఇంటర్నెట్ బాగానే వస్తోంది గానీ, కాంటా గదిలో వైఫైపై నడిచే ప్రింటర్‌కు ఆఫీసు కంప్యూటర్ నుంచి తూకం చీటీలు వెళ్లడం లేదు. ధాన్యం ట్రాక్టర్లతో వచ్చిన రైతులు చీటీ కోసం ఎండలో నిలబడుతుంటే చాలా బాధగా ఉంది.

కేబుల్ ప్రస్తుతం కొత్త రౌటర్ వ్యాన్ (WAN, బయటి నుంచి ఇంటర్నెట్ వచ్చే) పోర్టులో ఉంది. ఆఫీసులో 192.168.1తో, కాంటా గదిలో 192.168.0తో మొదలయ్యే ఐపీ అడ్రసులు కనిపిస్తున్నాయి. కొత్తదానిలో డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ అడ్రసులు తానే ఇచ్చే సదుపాయం) ఆపివేసి, దాని అడ్రసును 192.168.1.2గా మార్చి, కేబుల్‌ను ల్యాన్ (LAN, లోపలి పరికరాలను కలిపే) పోర్టులో పెడితే రెండూ ఒకే నెట్‌వర్క్ అవుతాయా? ఆ అడ్రసును పాత రౌటర్ మరో పరికరానికి ఇవ్వకుండా ఏం చేయాలి? అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.