టెర్రాఫామ్ కోడు: ఒక్కో రిసోర్సుకు ఒక్కో మాడ్యూల్ అవసరమా?

నీలిమేఘం:
టెర్రాఫామ్‌తో (క్లౌడ్ వనరులను కోడుగా రాసి నిర్మించే సాధనం) కట్టిన మా నెట్‌వర్కు, డేటాబేసు, అప్లికేషను అన్నీ ఒకే స్టేట్‌లో (తాను నిర్మించినవాటిని టెర్రాఫామ్ రాసుకునే ఫైలు) ఉన్నాయి. ఒక ట్యాగు మార్చినా ప్లాన్ (ఏమేం మారతాయో ముందే చూపే దశ) మొత్తాన్నీ తడిమి వస్తోంది. ప్రతి రిసోర్సుకూ (ఒక్కో క్లౌడ్ వనరుకూ) మాడ్యూల్ (మళ్లీ వాడుకోగల కోడు ముక్క) రాద్దామని జట్టులో వాదన. మీరేమంటారు?

పాతకాపు:
వద్దు. ఒక్క ఎస్3 బకెట్ (అమెజాన్ క్లౌడ్‌లో ఫైళ్లు దాచే చోటు) చుట్టూ మాడ్యూల్ కడితే దాని ఆర్గ్యుమెంట్లన్నీ మళ్లీ వేరియబుళ్లుగా రాసుకోవాలి. ప్రొవైడర్‌లో (టెర్రాఫామ్‌ను క్లౌడ్‌తో కలిపే ప్లగిన్) కొత్తది వచ్చినప్పుడల్లా ఆ తొడుగునూ సవరించాలి. అయినా స్టేట్ ఒక్కటిగా ఉన్నంతకాలం ఎన్ని మాడ్యూళ్లు చేసినా ప్లాన్ వేగం పెరగదు. మీ బాధ ఒకటి, మందు వేరొకటి.

తెగనిముడి:
స్టేట్ విడదీయాలన్నది ఒప్పుకుంటాను. కానీ చాలామంది విడదీశాక రిమోట్ స్టేట్ డేటా సోర్సుతో (వేరే స్టేట్‌లోని విలువలను తెచ్చే కోడు) పక్క స్టేట్‌ను చదువుతారు. సబ్‌నెట్ (నెట్‌వర్కులో ఒక భాగం) ఐడీ ఒక్కటి కావాలన్నా స్టేట్ ఫైలు మొత్తానికి అనుమతి ఇవ్వాలి. డేటాబేసు పాస్‌వర్డు మామూలు అక్షరాల్లో అందులోనే ఉండవచ్చు. ఇది విడదీయడమా? అవసరమైన ఐడీలను మాత్రమే పారామీటర్ స్టోర్‌లో (విలువలను పేర్లతో దాచే అమెజాన్ సేవ) పెట్టండి.

పాతకాపు:
అక్కడ కీ పేరు మారినా అవతలివారి ప్లాన్ ఆగిపోతుంది కదా?

తెగనిముడి:
ఆగుతుంది. ఆధారపడటం పోతుందని నేననలేదు, ఎంత బయటపెట్టాలో మన చేతిలో ఉంటుందన్నాను. ఇంకో మాట: అప్లికేషన్ మాడ్యూల్ తన లోపలే వీపీసీని (క్లౌడ్‌లో మన ప్రైవేటు నెట్‌వర్కును) సృష్టించకూడదు. సబ్‌నెట్ ఐడీలను వేరియబుల్‌గా తీసుకోవాలి, రూట్ మాడ్యూల్ (మిగతా మాడ్యూళ్లను పిలిచే పై స్థాయి కోడు) రెండింటినీ కలపాలి. అప్పుడే అదే మాడ్యూల్ ఇంకో నెట్‌వర్కులోనూ పనిచేస్తుంది.

పాతకాపు:
ఆ చివరి మాటతో పేచీ లేదు. కానీ వాడేవారు ఒక్కరే ఉన్నప్పుడు పునర్వినియోగం పేరిట ఇరవై వేరియబుళ్లు ఎందుకు? రెండో జట్టు వచ్చి అడిగేదాకా ఏది మారుతుందో, ఏది మారదో ఊహే. అప్పటిదాకా కోడు కాపీ చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

తెగనిముడి:
కాపీ అంటే ఒక భద్రతా సవరణను నాలుగు చోట్ల చేయడం. మూడు చోట్ల చేసి నాలుగోది మరిచిపోవడం మామూలే. మాడ్యూల్‌కు వెర్షన్ వేసి, వాడేచోట దాన్ని బిగించండి.

నీలిమేఘం:
సరే, ముందు స్టేట్ విడదీస్తాం. ‘మూవ్డ్’ బ్లాకు (రిసోర్సు చిరునామా మారిందని చెప్పేది) చాలా?

పాతకాపు:
చాలదండీ, అది ఒకే స్టేట్ లోపలి మార్పులకు. పాత స్టేట్‌లో ‘రిమూవ్డ్’ బ్లాకు (టెర్రాఫామ్ 1.7 నుంచి ఉంది) రాసి, అసలు రిసోర్సు చెరిగిపోకుండా ‘డిస్ట్రాయ్’ను ఫాల్స్ చేయండి, ఉన్న రిసోర్సును చేర్చుకునేందుకు కొత్త స్టేట్‌లో ‘ఇంపోర్ట్’ బ్లాకు పెట్టండి. డేటాబేసును చివరికి ఉంచుకోండి.