క్లోటిల్డా ఓడలో వచ్చిన మటిల్డా మెక్రియర్ అర్జీ గురించి వివరించగలరా?

అమెరికాలోకి బానిసల దిగుమతిని 1808లోనే నిషేధించినా, 1860లో అలబామా వ్యాపారి తిమోతీ మేహర్ పంపిన క్లోటిల్డా ఓడ నేటి బెనిన్ తీరంలోని విదా రేవు నుంచి సుమారు 110 మందిని మొబీల్‌కు దొంగతనంగా చేర్చింది. సాక్ష్యం మిగలకూడదని ఆ తర్వాత ఓడను తగలబెట్టారు. అంతర్యుద్ధంతో విముక్తులైనవారిలో కొందరు, స్వదేశానికి వెళ్లే దారిఖర్చులు కూడబెట్టలేక, మేహర్ కుటుంబం దగ్గర కూడా భూమి కొనుక్కుని (ఇంతకంటే చేదు బేరం ఉంటుందా?) మొబీల్ దగ్గర ఆఫ్రికాటౌన్ అనే తమ ఊరిని నిర్మించుకున్నారు. వారిలో ఒకరైన, 1935లో మరణించిన కుజో లూయిస్ గురించి సమాచారం బాగానే దొరుకుతోంది.

నా ప్రశ్న మటిల్డా మెక్రియర్ గురించి. పసితనంలో తల్లితోపాటు ఆ ఓడలో వచ్చిన ఆమె, డెబ్బై ఏళ్లు దాటాక 1931లో అలబామాలోని సెల్మా పట్టణ న్యాయస్థానానికి వెళ్లి పరిహారం కోరితే తోసిపుచ్చారు. 1940లో ఆమె కన్నుమూశారు. స్వేచ్ఛ పొందాక అపహరించి తిరిగి అమ్మేసిన హెన్రియెట్టా వుడ్‌కు 1878లో 2,500 డాలర్లు ఇప్పించిన న్యాయవ్యవస్థే, చట్టవిరుద్ధంగా దేశంలోకి తెచ్చిన మటిల్డా విన్నపాన్ని ఏ ప్రాతిపదికన కాదన్నదో అమెరికా న్యాయచరిత్ర చదివినవారు దయచేసి వివరించగలరా? అలబామాలోని తెలుగువారెవరైనా ఆఫ్రికాటౌన్ హెరిటేజ్ హౌస్ అనే ప్రదర్శనశాలను చూసివుంటే, అక్కడి ప్రదర్శనలో స్త్రీల కథలకు ఎంత చోటిచ్చారో కూడా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.