అప్‌డేట్: బెల్జియం నగరం బ్రూజ్‌లోని సెయింట్ జాన్స్ ఆసుపత్రి మ్యూజియం చూసి వచ్చాం

మోకాళ్ల నొప్పులున్న అమ్మతో బ్రసెల్స్ నుంచి ఒక్కరోజులో వెళ్లి రాగలమా అని అడిగాను కదా. వెళ్లి వచ్చాం. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

బాగా పనికొచ్చిన సలహా: సోమవారం మూసేస్తారని చెప్పడం. మేము మొదట అనుకున్నది ఆ రోజే! మంగళవారానికి మార్చుకున్నాం. రైలు ప్రయాణం దాదాపు గంట. మెట్ల గురించి పడిన బెంగ అనవసరం. 366 మెట్లు ఉన్నది ఊరి గంటల గోపురానికి, దీనికి కాదు.

12వ శతాబ్దంలో మొదలైన ఆసుపత్రి ఇది. రోగులు పడుకున్న ఆ పెద్ద హాలులోనే ఇప్పుడు చిత్రాలున్నాయి. చిత్రకారుడు హాన్స్ మెమ్లింగ్ బొమ్మలు వేసిన 1489 నాటి ఉర్సులా పేటిక (క్రైస్తవ పునీతురాలు ఉర్సులా అవశేషాలు ఉంచేది) మన పూజామందిరమంత ఉంటుంది. బంగారు పూత చెక్క, పక్కల మీద ఆమె కథ ఆరు ఘట్టాలుగా. కొలోన్ నగరం, పడవలు, తాళ్లు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. అమ్మ దాని ముందు నుంచి కదలనే లేదు. పాత వార్డును చూపే 18వ శతాబ్దపు చిత్రంలో వరుస మంచాలు, సేవ చేస్తున్న సన్యాసినులు. అది చూశాక తల తిప్పి అదే హాలును చూస్తే ఒళ్లు జలదరించింది.

తొందరపడకుండా చూడాలంటే రెండు గంటలు ఉంచుకోండి. పాత మందుల గదిని మాత్రం వదలకండి.