తీర నగరంలో నివాసానికి ప్రాంతాన్ని ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న

నమస్కారం. ఉద్యోగరీత్యా మా కుటుంబం కొద్ది నెలల్లో సముద్రతీరంలోని ఒక పెద్ద నగరానికి మారబోతోంది. ఇంతవరకు మేమున్నవన్నీ సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లే కాబట్టి, ఇల్లు చూడటంలో మాకున్న అనుభవం అక్కడ ఎంతవరకు పనికొస్తుందో తెలియడం లేదు. నగరం పేరు కావాలనే చెప్పడం లేదు. చెబితే ఫలానా కాలనీ మంచిది, ఫలానా వీధి వద్దు అన్న దగ్గరే మాట ఆగిపోతుంది. ఏ తీర నగరంలోనైనా ఒక ప్రాంతాన్ని ఏమేమి చూసి నిర్ణయించుకోవాలో తెలుసుకోవాలన్నది నా ఉద్దేశం.

మా పరిశీలనలో మూడు ప్రాంతాలున్నాయి. ఒకటి, తీరం వెంబడి రోడ్డును ఆనుకుని ఉన్న బహుళ అంతస్తుల భవనాల వరుస. రెండవది ఓడరేవు వెనుక కాస్త మెరక మీద ఉన్న పాత పట్టణం. అక్కడ వీధులు ఇరుకు, ఇళ్లు పాతవి. మూడవది తీరానికి పది కిలోమీటర్లకు పైగా లోపల, ఉప్పుటేరు వంతెన అవతల కొత్తగా వేసిన లేఅవుట్లు. సముద్రానికి అంత దూరంలో ఉంది కాబట్టి నీటి భయం ఉండదని మాకు ఇళ్లు చూపించినవారు అంటున్నారు. మా అత్తగారికి ఉబ్బసం ఉంది, మోకాళ్ల నొప్పుల వల్ల మెట్లెక్కలేరు. బాబు బడికి వెళ్లాలి. నా కార్యాలయం నగరం నడిబొడ్డున, మా వారిది ఉత్తరపు కొసన. ముందు అద్దెకుండి, తరువాత కొనుక్కోవాలని అనుకుంటున్నాం. దేనిని ముందు చూడాలి, దేని విషయంలో సర్దుకుపోవచ్చు?

మొదటి సమాధానం (వరదనీటి కాలువల పనులు చూసే ఇంజనీరు)

సముద్రం ఎంత దూరమన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. ఆ నేల సముద్రమట్టం కంటే ఎంత ఎత్తున ఉంది, అక్కడ పడిన వాన ఏ దారిన ఎంతసేపట్లో బయటికి పోతుంది అన్నవి ముందు తేలాలి. దూరం ఎక్కువైతే ప్రమాదం తక్కువని చెప్పినవారి మాటను నేను ఒప్పుకోలేను. 2005 జూలై 26న ముంబైలోని శాంతాక్రజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్ల వాన పడింది. అదే నగరంలో, మూడు వైపులా సముద్రం ఉన్న కొలాబాలో అదే సమయంలో నమోదైనది సుమారు 73 మిల్లీమీటర్లే. ఆక్రమణలతో ఇరుకైపోయిన మీఠీ నది పొంగి, దానికి సముద్రపు పోటు కూడా తోడవడంతో లోపలి ప్రాంతాలు నీళ్లలో చిక్కుకున్నాయి. 2015 డిసెంబరు చెన్నై వరదల్లోనూ తీరానికి చాలా లోపలున్న ముడిచూరు వంటి చోట్ల ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి.

పోటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సముద్రానికి దూరంగా పెరిగినవారికి ఇది తట్టదు. నగరంలోని వరద కాలువలన్నీ చివరికి సముద్రంలోనో, ఉప్పుటేటిలోనో కలుస్తాయి. పోటు వేళ కాలువ నోటి దగ్గర సముద్రపు మట్టం పెరిగి, కాలువ నీటి మట్టాన్ని మించిపోతే నీరు బయటికి పోకపోగా వెనక్కి తన్నుతుంది. చాలా తీరాల్లో ఒక పోటుకు, తరువాతి పోటుకు మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి రోజులకు దగ్గరలో పోటు మరింత ఎత్తుకు వస్తుంది. జోరువాన సరిగ్గా ఆ వేళకే పడితే పల్లపు ప్రాంతంలో నీరు గంటల తరబడి కదలదు. కాలువ ఎంత వెడల్పుగా కట్టినా ఆ కాసేపు ఉపయోగం ఉండదు. నీటిని ఎత్తిపోసే పంపులు, పోటు నీరు లోపలికి రాకుండా ఆపే తలుపులు ఉన్నాయా అన్నదే తేల్చుకోవాలి. ఇక అమెరికాలోని తీర నగరం మయామీలో భూమి అడుగున ఉన్నది రంధ్రాలమయమైన సున్నపురాయి కాబట్టి, పెద్ద పోటు రోజుల్లో ఆకాశంలో మబ్బు లేకపోయినా నీరు కాలువల్లోంచి, నేలలోంచి వీధుల్లోకి ఊరుతుంది.

అందుచేత వానాకాలంలో అమావాస్యకో పౌర్ణమికో, పోటు వేళ చూసుకుని ఆ మూడు ప్రాంతాలకూ వెళ్లండి. వీధుల్లో మ్యాన్‌హోళ్ల చుట్టూ నీరు ఊరుతోందేమో గమనించండి. ప్రహరీ గోడల మీద వరుసగా నాలుగైదు ఇళ్లకు ఒకే ఎత్తున గోధుమరంగు చార ఉంటే, అది నీరు నిలిచిన మట్టం. ట్రాన్స్‌ఫార్మర్ల దిమ్మెలను కూడా చూడండి. ఏ వీధిలో నీరు ఎంతవరకు వస్తుందో విద్యుత్ సిబ్బందికి అనుభవంతో తెలుసు కాబట్టి, మిగతా చోట్ల మోకాలెత్తున ఉండే దిమ్మె ఒక్క కాలనీలో మాత్రం ఛాతీ ఎత్తున కట్టి ఉంటే దానికి కారణం ఉంటుంది. పాత ఇళ్ల గడపలు రోడ్డు కంటే కిందికి దిగిపోయి ఉంటే, నీటికి జడిసి రోడ్డును పదేపదే ఎత్తు చేశారన్నమాట. చివరగా, ఉపగ్రహ చిత్రాల్లో పాత సంవత్సరాలవి తీసి ఆ లేఅవుట్ స్థలం పదిహేను, ఇరవై ఏళ్ల కిందట ఎలా ఉండేదో చూడండి. చెరువో, చిత్తడి నేలో, మడ అడవో కనిపిస్తే ఇల్లు ఎంత బాగున్నా వదిలేయమనే నేను చెబుతాను, ఎందుకంటే పైన మట్టి పోసి చదును చేసినా చుట్టుపక్కల నీరంతా ఆ పల్లానికే వస్తుంది.

రెండవ సమాధానం (భవన నిర్మాణ రంగం)

పై మాటలతో ఏకీభవిస్తూనే, గాలి గురించి కూడా చెప్పాలి. ఉబ్బసం ఉన్న పెద్దావిడ ఇంట్లో ఉన్నప్పుడు ఇది నీటి కంటే చిన్న విషయమేమీ కాదు.

పగటిపూట నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కడంతో సముద్రం మీది చల్లని గాలి లోపలికి వీస్తుంది, రాత్రివేళ నేల చల్లబడ్డాక దిశ మారుతుంది. తీర నగరంలో సాయంత్రాలు హాయిగా ఉండటానికి కారణమిదే. అయితే ఆ గాలి తన దారిలో ఉన్నదాన్నంతా వెంట తెస్తుంది. మీ రెండవ ప్రాంతం ఓడరేవు వెనుక ఉందన్నారు కదా. బొగ్గు, ఖనిజం వంటి సరుకు గుట్టలుగా పోసే రేవైతే పగలంతా ఆ ధూళి సరిగ్గా ఆ వీధుల మీదికే వస్తుంది, దానికి ఓడల పొగ, లారీల పొగ తోడవుతాయి. ఓడల ఇంధనంలో గంధకం 3.5 శాతం దాకా ఉండవచ్చన్న అంతర్జాతీయ పరిమితిని 2020 నుంచి 0.5 శాతానికి తగ్గించారు, అది మేలే. సరుకు ధూళికి మాత్రం ఆ నియమంతో సంబంధం లేదు. చూడబోయే ఇంట్లో రేవు వైపు కిటికీ అంచును తెల్లని తడిగుడ్డతో తుడిచి, ఒక రోజు గడిచాక మళ్లీ తుడవండి. గుడ్డ నల్లబడితే ఆ వీధి మీ అత్తగారికి తగదు. పాత పట్టణమంతా ఒకేలా ఉండదు. మెరకకు అవతలి వాలులో, రేవు నుంచి వచ్చే గాలి నేరుగా తగలని వీధులుంటే అవి వేరే లెక్క.

ఇక తీరం వెంబడి భవనాల సంగతి. అలల తుంపరలతో లేచిన ఉప్పు గాలిలో కలిసి వస్తుంది, ఒడ్డు నుంచి మొదటి కొన్ని వందల మీటర్లలోనే దాని తీవ్రత బాగా తగ్గిపోతుంది. మొదటి వరుస భవనాలు మాత్రం దాన్ని పూర్తిగా భరించాలి. ఉప్పులోని క్లోరైడ్ కాంక్రీటులోకి మెల్లగా దిగి లోపలి ఇనుప కడ్డీలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటు లోపలి నుంచి పగిలి పెచ్చులూడుతుంది. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు హాలు, వంటగది తరువాత చూడవచ్చు; ముందు సజ్జల అడుగు భాగం, బాల్కనీల కింది వైపు, పార్కింగులో స్తంభాల మొదళ్లు చూడండి. కడ్డీ ఉన్న వరుసలోనే సన్నని చీలిక, దాని వెంట తుప్పు మరక కనిపిస్తే, పైన ఎన్నిసార్లు రంగు వేసినా లోపల నష్టం సాగుతూనే ఉంటుంది. ఆ లక్షణాలు కట్టి ఎక్కువ కాలం కాని భవనంలోనే ఉంటే మరీ అనుమానించాలి. నా అభిప్రాయంలో మొదటి వరుసలో అద్దెకుండటం మంచిదే, కొనడం తగదు. అద్దెకున్నవారికి ఆ గాలి, ఆ నడక, ఆ వెలుతురు దక్కుతాయి. మరమ్మతుల భారం యజమానిది.

మూడవ సమాధానం

ప్రయాణం గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను. తీర నగరం సగం వృత్తంలా పెరుగుతుంది, ఒక వైపంతా సముద్రమే. ఒకే విస్తీర్ణం గల నగరం అన్ని వైపులకు పెరిగితే అంచు ఎంత దూరంలో ఉంటుందో, సగం వృత్తంగా పెరిగితే దానికి సుమారు 1.4 రెట్ల దూరంలో ఉంటుంది. పైగా ఓడరేవు, రైల్వే యార్డులు, ఉప్పుటేళ్లు దారులను ఇంకా ఇరుకు చేస్తాయి. అందువల్ల పటంలో కిలోమీటర్లు కొలవడం కంటే, మీ ఇంటికీ కార్యాలయానికీ మధ్య ఎన్ని వంతెనలున్నాయి, ఒకటి మూసేస్తే రెండో దారి ఉందా అని చూడటం మేలు.

మీ మూడవ ప్రాంతానికి ఉప్పుటేటి మీద ఒకటే వంతెన ఉన్నట్లయితే, నగరానికి పనికి వచ్చే అవతలివారందరూ ఉదయం దాని మీదికే వస్తారు. వాన కురిసే పనిరోజున, సరిగ్గా మీరు బయలుదేరే వేళకే ఆ దారిన ఒకసారి వెళ్లి చూడండి. బడి మాత్రం వంతెనకు ఇంటివైపే ఉండాలని నేను గట్టిగా చెబుతాను. పెద్దవాళ్లు ఆలస్యంగానైనా ఎలాగో ఇల్లు చేరతారు. బాబు అవతలి ఒడ్డున చిక్కుకుంటే మీ ఇద్దరిలో ఎవరూ వెంటనే చేరుకోలేరు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. లేఅవుట్ల పాత ఉపగ్రహ చిత్రాలు చూశాను. అక్కడ గతంలో ఒక పెద్ద చెరువు ఉండేది, ఇప్పుడు దాని అంచు మాత్రమే మిగిలింది. మరొక సందేహం. అక్కడ ఇంకా కుళాయి నీరు రాలేదు, ఇళ్లన్నీ బోర్ల మీదే ఆధారపడి ఉన్నాయి. నీరు తియ్యగానే ఉందని అంటున్నారు. అది నమ్మవచ్చా?

నాల్గవ సమాధానం (భూగర్భ జలాలు)

ఈ రోజు తియ్యగా ఉండవచ్చు, అది ఎంతకాలమన్నదే సందేహం. తీర ప్రాంతాల్లో నేల కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, ఎందుకంటే ఉప్పునీటి సాంద్రత కాస్త ఎక్కువ. గైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు వేర్వేరుగా గుర్తించిన సూత్రం ప్రకారం, సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీటి మట్టం ఉంటే, సముద్రమట్టానికి దిగువన సుమారు 40 మీటర్ల లోతు వరకు మంచినీరే ఉంటుంది. దీన్ని తిరగేసి చూస్తేనే ప్రమాదం అర్థమవుతుంది. బోర్లతో తోడి ఆ మట్టాన్ని ఒక్క మీటరు తగ్గిస్తే, కాలక్రమంలో ఉప్పునీరు 40 మీటర్ల మేర పైకి జరుగుతుంది. లెక్క ఏకరీతి నేలకు సంబంధించినది, చోటును బట్టి మారుతుంది. దిశ మాత్రం మారదు. ఒకసారి ఉప్పు ఎక్కిన బోరు నీరు మళ్లీ తియ్యగా మారడానికి ఏళ్లు పడుతుంది. అందుకే వేసవి చివర్లో, ఒక్క ఇంట్లో కాకుండా వేర్వేరు వీధుల్లో నాలుగైదు ఇళ్ల నీటిని పరీక్షించండి. పాత బోర్లు మూతపడి, ట్యాంకర్లు తిరుగుతున్న వీధి ఉంటే, కారణమేమిటో అక్కడివారినే అడగండి.

అతిగా తోడటం వల్ల నేల కూడా కుంగుతుంది. ఇండోనేషియాలోని ఉత్తర జకార్తా సముద్రపు నీటి ముంపుకు గురవడానికి పెద్ద కారణం ఇదే. టోక్యో తూర్పు పల్లపు ప్రాంతాల్లో 20వ శతాబ్దంలో కొన్నిచోట్ల నేల నాలుగు మీటర్లకు పైగా దిగిపోయింది; భూగర్భ జలాల వాడకం మీద ఆంక్షలు విధించాక, 1970ల నుంచి అది చాలావరకు ఆగింది. కుళాయి నీరు వచ్చేదాకా ఆ లేఅవుట్లలో స్థలం కొనకపోవడమే మంచిది.

మొదటి సమాధానం రాసినవారు

చెరువు అంచు మాత్రమే మిగిలిందన్నారు కాబట్టి మూడవ ప్రాంతాన్ని నేనైతే లెక్కలోంచి తీసేస్తాను. తీరం వరుసలో అద్దెకుండవచ్చన్న మాటతో మాత్రం మీ ఇంటి విషయంలో నేను ఏకీభవించలేను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటాక నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. మెట్లెక్కలేని మనిషి పన్నెండో అంతస్తులో ఉన్నప్పుడు లిఫ్టు ఆగిపోతే మందులకు, ఆసుపత్రికి ఎలా దింపుతారు? జనరేటరు ఉందని చెబితే, అది ఎక్కడుందో, దాని ఇంధనపు ట్యాంకు, పంపు ఎక్కడున్నాయో దిగి చూడండి. 2012 అక్టోబరులో శాండీ తుఫాను వచ్చినప్పుడు న్యూయార్క్‌లో ఒక పెద్ద ఆసుపత్రి జనరేటర్లు పై అంతస్తులోనే ఉన్నాయి. వాటికి ఇంధనం అందించే పంపులు సెల్లారులో మునిగిపోవడంతో రోగులను తరలించవలసి వచ్చింది.

పాత పట్టణంలో మెరకకు అవతలి వాలున, గుడ్డ పరీక్షకు నిలిచిన వీధిలో, లిఫ్టు ఉన్న ఇంట్లో, అది ఆగినా మీ అత్తగారిని మోసుకుని దింపగలిగే మొదటి లేదా రెండో అంతస్తులో అద్దెకు చూడండి. అక్కడి నుంచి నడిబొడ్డుకు వంతెన దాటనక్కరలేదని మీ వివరాలను బట్టి అనుకుంటున్నాను. మీ వారి ప్రయాణం కొంత ఎక్కువవుతుంది, నీరు, గాలి, ప్రయాణం అనే ఈ మూడింటిలో సర్దుకుపోదగినది అదొక్కటే. ఒక వానాకాలం పూర్తిగా గడిచాక కొనుగోలు గురించి ఆలోచించండి. ఏ వీధులు ఎన్ని గంటలు మునిగాయో, ఏ బోరు ఉప్పు తేలిందో అప్పటికి మీకే తెలుస్తుంది.