కాన్పయ్యాక బాలింతను కనిపెట్టుకోవలసింది ఆసుపత్రా, ఇంటివాళ్లా?

మలక్‌పేట అక్క:
పోయిన నెల మా చెల్లెలికి ఇక్కడే హైదరాబాదులో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో కాన్పయింది. పేరు చెప్పను. పాప పుట్టగానే బరువు తూచారు, కాలి ముద్ర తీసుకున్నారు, అందరం ఫొటోలు దిగాం. రాత్రి 11 గంటలకల్లా చెల్లెల్ని గదిలోకి మార్చేశారు. కాసేపటికి "చలి వేస్తోంది అక్కా" అంది. దుప్పటి కప్పాను. తర్వాత "కళ్లు తిరుగుతున్నాయి" అంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, నీరసమేమో అని అమ్మ పాలు కలపబోయింది. పన్నెండు దాటాక దుప్పటి సర్దుతుంటే నా చెయ్యి తడిసింది. లైటు వేసి చూస్తే పక్కంతా రక్తం. పరుగెత్తాను. నర్సు వచ్చి బొడ్డు కింద అదిమి రుద్దితే గడ్డలు పడ్డాయి. ఇంజెక్షన్లు ఇచ్చారు, బతికింది. తెల్లవారాక డాక్టరు గారు మమ్మల్నే అడిగారు: "ఇద్దరు పక్కన ఉండి చూసుకోవద్దా?" బిల్లులో మాత్రం నర్సింగ్ చార్జీలకు వేరే పద్దు ఉంది. అసలు ఇది ఎవరి పని?

సంతోష్‌నగర్ తాతయ్య:
అమ్మాయీ, తల్లీబిడ్డా క్షేమం, అది చాలు. కానీ ఇంటివాళ్ల పని కాదంటే నేను ఒప్పుకోను. మా కోడలు ప్రభుత్వ ఆసుపత్రిలోనే పురుడు పోసుకుంది. వార్డు నిండా మంచాలు, నర్సు ఒక్కతే. మా ఆవిడ లేకపోతే పక్క మార్చే దిక్కు లేదు. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో మామూలు కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7 రోజులు భోజనం కూడా ఉచితమే. ఉంటున్నది ఎవరు? మర్నాడే "పంపించేయండి" అని గొడవ పెట్టుకునేది మనమే కదా!

రిటైర్డ్ సిస్టర్:
తాతయ్యగారూ, పక్క మార్చడం వేరు, కనిపెట్టడం వేరు. మాయ పడ్డాక మొదటి రెండు గంటలు పావుగంటకోసారి నాడి, బీపీ చూడాలి. పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిపడిందో లేదో తెలుసుకోవాలి. గట్టిపడితే బొడ్డు దగ్గర కొబ్బరికాయలా చేతికి తగులుతుంది. మెత్తగా ఉంటే భయపడాలి. రక్తం 500 మిల్లీలీటర్లు దాటితే ప్రమాదమని మాకు నేర్పారు, కానీ గుడ్డలో ఇంకిన రక్తం ఎంతో చెప్పడం ముప్ఫయ్యేళ్లు చేసిన నాకే కష్టం. ఈ అమ్మాయి తల్లికి ఎలా తెలుస్తుంది? చలిని, తల తిరగడాన్ని నీరసం అనుకోవడం ఏ ఇంట్లోనైనా మామూలే. పైగా ఇంటివాళ్లు అనగానే నాకు గుర్తొచ్చేది, "నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుంది" అని బాలింతకు నోరెండగట్టే అత్తగార్లు. ముర్రుపాలు పిండి పారబోయించినవాళ్లనూ చూశాను.

సంతోష్‌నగర్ తాతయ్య:
మా ఆవిడ ముర్రుపాలు పారబోయించలేదు. నీళ్ల సంగతి అడగకండి.

మెట్ల మీద నాన్న:
నన్ను వార్డులోకే రానివ్వలేదు. మగవాళ్లకు ప్రవేశం లేదన్నాడు వాచ్‌మన్. రెండు రాత్రులు మెట్ల మీదే. బాబు పుట్టాడని ఆయమ్మ "సంతోషం" అడగడానికి వచ్చినప్పుడు మాత్రం నేను మగవాడినన్న అభ్యంతరం ఎవరికీ రాలేదు. 500 ఇస్తే "బాబుకి ఇంతేనా" అంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటులో 81.5. అంటే వార్డుకు వచ్చే తల్లుల్లో సగానికి పైగా కుట్లతో, మూత్రపు గొట్టంతో, తమంతట తాము పక్కకు తిరగలేని స్థితిలో వస్తున్నారు. ఇంటివాళ్లే చూడాలంటే మమ్మల్ని లోపలికి రానివ్వాలి. రానివ్వకపోతే వాళ్లే చూడాలి. రెండూ కాదంటే ఎలా?

మలక్‌పేట అక్క:
సిస్టర్ గారూ, పావుగంటకోసారి అన్నారు కదా. డిశ్చార్జి రోజున పట్టుబట్టి కేసు షీటు నకలు తీసుకున్నాను. 11.15, 11.30, 11.45, 12.00. నాలుగు వరుసల్లోనూ బీపీ 110/70, నాడి 80, రక్తస్రావం మామూలే. ఒకే పెన్ను, ఒకే వాలు. ఆ గంటలో మా గది తలుపు తీసింది నేనొక్కదాన్నే, అదీ పాల కోసం వేడినీళ్లు తేవడానికి.

రిటైర్డ్ సిస్టర్:
ఆ వాలు నాకు తెలుసమ్మా. నేనూ అలా రాశాను. రాత్రి డ్యూటీలో ఇద్దరం, 32 మంచాలు, అవతల లేబర్ రూములో ఇంకొకావిడ కేకలు. షీటు ఖాళీగా ఉంటే పొద్దున్నే మెమో ఇస్తారు. ఉన్న అంకె అబద్ధమైతే ఎవరూ అడగరు. "మీవాళ్లు ఉన్నారుగా, చూసుకోండి" అనడం మాకు అలా అలవాటైంది. అది మా పనే. చేయలేకపోయాం, అందుకే మీ మీదకు నెట్టాం.

మన రాష్ట్రంలో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఇస్తున్నారు. మంచిదే, కానీ ఆ అమ్మాయిలను రాత్రి వార్డులో ఎంతమందికి ఒకరిని ఉంచుతారన్నదే అసలు లెక్క. అంతవరకూ ఒకటి చేయండి. "గది సిద్ధమైంది, మార్చేస్తాం" అంటే సంబరపడకండి. మొదటి రెండు గంటలు లేబర్ రూము పక్కనే, నర్సు కళ్ల ముందే ఉంచమనండి. గది అద్దె ఎక్కడికీ పోదు.

సంతోష్‌నగర్ తాతయ్య:
సరేనమ్మా, ఒప్పుకున్నాను. మరి ఆ రెండు గంటలు మా ఆవిడ ఎక్కడ కూర్చోవాలి?

మెట్ల మీద నాన్న:
మెట్ల మీద చోటుంది తాతయ్యా.