విశ్వవ్యాకోచ నియమంలో స్లైఫర్ పేరు ఎందుకు లేదు?

తారాపథం: దూరంగా ఉన్న గెలాక్సీ అంత వేగంగా దూరమవుతుందన్న నియమాన్ని అమెరికా ఖగోళ శాస్త్రవేత్త హబుల్, బెల్జియం శాస్త్రవేత్త లెమైత్ర్ పేర్లతో ‘హబుల్–లెమైత్ర్ నియమం’ అనాలని 2018లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఓటింగ్ పెట్టి సిఫారసు చేసింది. మరి వెస్టో స్లైఫర్? అరిజోనాలోని లోవెల్ వేధశాలలో 24 అంగుళాల దూరదర్శినితో, ఒక్క వర్ణపటం (కాంతిని రంగులుగా విడదీసిన పట్టీ, గెలాక్సీ వేగం తెలిసేది దాని నుంచే) కోసం కొన్ని రాత్రులు కాపు కాసి, సాంబ్రెరో గెలాక్సీ సెకనుకు సుమారు 1000 కిలోమీటర్ల వేగంతో దూరమవుతోందని చూపింది ఆయనే. 1917 నాటికి 25 సర్పిల గెలాక్సీల వేగాలు కొలిస్తే 21 దూరమయ్యేవే. 1929లో ఈ నియమాన్ని చూపిన వ్యాసంలో హబుల్ వాడిన వేగాల్లో ఎక్కువ భాగం ఇవి. అవి స్లైఫర్‌వని అక్కడ చెప్పలేదు. ఇది అన్యాయం.

లెక్కలమాస్టారు: వేగం ఒక్కటీ ఉంటే నియమం రాదు. దూరం కావాలి. 1923లో ఆండ్రోమెడా గెలాక్సీలో సెఫీడ్ నక్షత్రాన్ని (క్రమం తప్పకుండా వెలుగు పెరిగి తగ్గేదాన్ని) పట్టుకుని దూరం తేల్చింది హబుల్.

వెన్నెల: వెలుగు మారే వ్యవధిని బట్టి సెఫీడ్ల అసలు ప్రకాశాన్ని, దాంతో దూరాన్ని తేల్చే ఆ సూత్రం ఖగోళ శాస్త్రవేత్త హెన్రియెటా లెవిట్‌ది. ఆమెను ఎవరూ తలవరేం?

ఉత్తరధ్రువం: ఆండ్రోమెడా మన వైపే వస్తోంది కదా, నియమం ఎలా నిలుస్తుంది?

లెక్కలమాస్టారు: దగ్గరి గెలాక్సీల మధ్య గురుత్వాకర్షణదే పైచేయి. అసలు విషయానికి రండి. స్లైఫర్ దగ్గర దూరం లేదు, కాబట్టి నియమం లేదు.

తారాపథం: సర్పిలాలు పాలపుంతకు బయటి నక్షత్ర వ్యవస్థలన్న వాదాన్ని 1917లోనే స్లైఫర్ సమర్థించారు. నేనూ ఒక ప్రయోగశాలలో రాత్రులు కూర్చుని కొలతలు తీసినవాణ్ని. వ్యాసం అచ్చయింది, కృతజ్ఞతల్లో కూడా నా పేరు లేదు. ‘పరికరం ఎవరైనా నడుపుతారు’ అన్నారు.

లెక్కలమాస్టారు: మీ బాధను విజ్ఞాన చరిత్రకు ముడిపెట్టకండి.

తారాపథం: ముడి ఉంది కాబట్టే పెడుతున్నాను! మీ దృష్టిలో కొలిచేవాడు కూలీ, ఆలోచించేవాడే శాస్త్రవేత్త. నేరుగా ఆ మాటే అనండి.

లెక్కలమాస్టారు: కూలీ అనను. కానీ కొలత ఈరోజు కాకపోతే రేపు మరొకరు తీస్తారు. అర్థం చెప్పినవాడిదే ఆవిష్కరణ. ఒక్క గెలాక్సీనీ కొలవని లెమైత్ర్‌కు విశ్వం వ్యాకోచిస్తోందన్న 1927 నాటి వ్యాసంతో పేరు దక్కింది అందుకే.

తారాపథం: లెమైత్ర్ లెక్క కట్టిందీ స్లైఫర్ వేగాలతోనే. 1953లో హబులే స్లైఫర్‌కు ఉత్తరం రాస్తూ, వేగాలు మీవి, దూరాలు నావి అన్నట్టు ఒప్పుకున్నారు. మీరెందుకు ఒప్పుకోరు?

లెక్కలమాస్టారు: ఆ 25 వేగాల నుంచి మాత్రమే నియమాన్ని రాబట్టి చూపండి, ఒప్పుకుంటాను.

తారాపథం: వేగాలు తీసేసి ఉత్త దూరాలతో మీరు రాబట్టండి.