కాంగ్ యాత్సే 2 ఎక్కాలని ఉంది, మంచు మీద ఒక్కసారి కూడా నడవలేదు

నిజాంపేట్_వాసి

అందరికీ నమస్కారం. వయసు 41, ఐటీ ఉద్యోగం, ఉండేది నిజాంపేట్. బీపీ, షుగర్ లేవు, పొట్ట మాత్రం ఉంది. 2017లో మా ఆఫీసు సీనియర్ ఒకాయన లదాఖ్‌లో స్టోక్ కాంగ్రీ శిఖరం ఎక్కొచ్చి ఆ ఫొటో తన డెస్క్ మీద పెట్టుకున్నారు. రోజూ కాఫీకి వెళ్తూ దాన్ని చూసీ చూసీ నాకూ ఒక్కసారైనా 6,000 మీటర్లు దాటాలన్న పురుగు పట్టింది. తీరా నేను కదిలేసరికి స్టోక్ కాంగ్రీ లేదు. జనం తాకిడి ఎక్కువైపోయి, కింద ఊరివాళ్ల నీళ్లు పాడవుతున్నాయని 2020లో మూసేశారు. ఇప్పుడు అందరూ కాంగ్ యాత్సే 2 పేరు చెప్తున్నారు. అదీ లదాఖ్‌లోనే, మార్ఖా లోయ చివర, సుమారు 6,250 మీటర్లు.

ఇద్దరు ఆపరేటర్లతో మాట్లాడాను. ఒకరిది లేహ్ నుంచి లేహ్‌కి 8 రోజులు, 46 వేలు. ఇంకొకరిది 12 రోజులు, 68 వేలు. విమానం టికెట్లు మనవే. మొదటివాళ్లు ఫోన్లో "బిగినర్స్ కూడా హాయిగా చేసేస్తారు సార్, గైడ్ ఉంటాడు, తాడు ఉంటుంది, మీరు నడిస్తే చాలు" అన్నారు. కొండ అదే, టెంట్ అదే, 22 వేలు ఎక్కువ ఎందుకు పెట్టాలో నాకు అర్థం కాలేదు. పైగా 12 రోజుల సెలవంటే మా మేనేజర్ మొహం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆగస్టులో వెళ్దామనుకుంటున్నాను, ఇంకా ఆరు నెలలపైనే టైం ఉంది. నాలాంటివాడు గైడ్‌ని నమ్ముకుని వెళ్లొచ్చా? వెళ్తే 8 రోజులది సరిపోదా? ఎక్కినవాళ్లు, ఎక్కలేక వెనక్కి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.


గుట్టలపిచ్చి

ఎక్కలేక వెనక్కి వచ్చినవాణ్ని నేనే అన్నా, చెప్తా విను.

నాదీ ఇలాంటి చవక ప్యాకేజీయే, కంపెనీ పేరు వద్దులే. మొత్తం తొమ్మిది మందిమి, గైడ్లు ఇద్దరు. అప్పుడు ఆ లెక్క నాకు తట్టలేదు. బేస్ క్యాంప్ 5,100 దగ్గర ఉంటుంది, రాత్రి పదిన్నరకు బయల్దేరాం. ముందు రెండు మూడు గంటలు రాళ్ల గుట్టే, అడుగు వేస్తే అరడుగు కిందికి జారుతుంది. తర్వాత మంచు మొదలవుతుంది, అక్కడ కూర్చుని బూట్లకు క్రాంపాన్లు, అంటే మంచులో దిగే ఇనుప ముళ్లు, కట్టుకుని తాడు వేసుకోవాలి. చీకట్లో, చలికి కొంకర్లు పోయిన చేతులతో ఆ పట్టీలు బిగించడానికే నాకు ఇరవై నిమిషాలు పట్టింది, ఎందుకంటే అంతకు ముందు రోజు ట్రైనింగ్ పేరుతో గంటసేపు ఫొటోలే దిగాం. కొంచెం పైకి పోయాక మాలో ఒకతను వాంతులు చేసుకుని కూలబడ్డాడు. ఒక గైడ్ అతన్ని కిందికి తీసుకెళ్లాడు. మిగిలింది ఎనిమిది మంది, ఒక్క గైడ్. 40 డిగ్రీల దాకా వాలున్న మంచు మీద ఎనిమిది మందిని ఒక్కడు ఎలా చూసుకుంటాడు? అందరూ వెనక్కే అన్నాడు. అప్పటికి తెల్లారి ఐదు, నాకు తలనొప్పి కూడా లేదు, శిఖరం ఎదురుగా కనిపిస్తోంది. నేను ఆ గైడ్‌తో గొడవ పెట్టుకున్నా, చాలా మాటలు అన్నా. ఎనిమిది మందిలో ముగ్గురు అసలు నిలబడలేకపోతున్నారని వెలుగు వచ్చాక చూశా. ఆ కుర్రాడు చేసింది కరెక్టే, తప్పు ఇద్దరితో తొమ్మిది మందిని పంపిన కంపెనీది. దిగాక సారీ చెప్పా, నవ్వి టీ ఇచ్చాడు.

ఇంకోటి. బూట్లు వాళ్లే అద్దెకిస్తామన్నారు, నాది 9, వాళ్ల దగ్గర మిగిలింది 8. దిగేటప్పుడు రెండు బొటనవేళ్ల గోళ్లు నల్లబడి నెల తర్వాత ఊడిపోయాయి. బూట్లు నీవి నువ్వు చూసుకో.

కాబట్టి రేటు తర్వాత, ముందు ఈ ప్రశ్న అడుగు: మంచు మీద ఎంతమందికి ఒక గైడ్? ముగ్గురికి ఒకరు అంటే మాట్లాడు. "టీమ్‌ని బట్టి ఉంటుంది సార్" అంటే ఫోన్ పెట్టేయ్.


తార్నాక_డాక్టరమ్మ

నిజాంపేట్ గారూ, ఆ 8 రోజుల ప్లాన్ ఏ దారిన తీసుకెళ్తారో అడిగారా? నాకు అనుమానంగా ఉంది. మార్ఖా లోయ మీదుగా వెళ్తే స్కియు దాదాపు లేహ్ ఎత్తే, అక్కడి నుంచి మార్ఖా, హంకర్ అంటూ రోజుకు కొంచెం కొంచెంగా లేస్తూ నిమాలింగ్ అనే క్యాంప్‌కి, అంటే 4,700 మీటర్ల పైకి, చేరతారు. అలా వస్తే 8 రోజుల్లో పూర్తి కాదు. కాబట్టి వాళ్లు అవతల వైపు నుంచి, చోగ్దో దాకా జీపులో తీసుకెళ్లి, అక్కడి నుంచి నేరుగా కోంగ్‌మారు లా ఎక్కించి ఇటువైపు దించుతూ ఉండాలి. ఆ కనుమ 5,200 మీటర్లపైనే. నాలుగో రోజుకే మిమ్మల్ని అక్కడ నిలబెడతారన్నమాట.

మనం ఉన్నది 540 మీటర్ల దగ్గర. పొద్దున శంషాబాద్‌లో విమానం ఎక్కి ఢిల్లీలో మారి లేహ్‌లో దిగితే ఒకే రోజులో 3,500. అదే పెద్ద దెబ్బ. 3,000 దాటాక పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్ల కంటే పెంచకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలి అని సాధారణ నియమం. పగలు ఎంత ఎక్కామన్నది కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నామన్నదే లెక్క. లేహ్ నుంచి రెండు రాత్రుల్లో 4,700లో పడుకోబెట్టే ప్లాన్ మీ కండబలాన్ని పరీక్షించదు, మీ అదృష్టాన్ని పరీక్షిస్తుంది. మారథాన్లు పరిగెత్తే కుర్రాళ్లు కూడా అక్కడ పడిపోతారు, ఫిట్‌నెస్‌కూ దీనికీ సంబంధం తక్కువ. 5,500 దగ్గర గాలిలో మనకందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే సగమే, మీరు వెళ్లేది ఇంకా పైకి.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. నివారణకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎత్తుకు వెళ్లే ముందు రోజు నుంచి. వేళ్లలో సూదులు గుచ్చినట్టు ఉంటుంది, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాలి, సోడా తాగితే చప్పగా ఉంటుంది, వాటికి భయపడక్కర్లేదు. కానీ సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మీ డాక్టర్ని కలవకుండా వేసుకోవద్దు. ఫోరంలో చదివి వేసుకోవడం అసలు వద్దు, నేను రాసినా సరే.

తలనొప్పి, ఆకలి లేకపోవడం, వికారం ఉంటే ఇంకా ఎక్కొద్దు, అక్కడే ఆగండి. తగ్గకపోతే దిగండి. కూర్చున్నా ఆయాసం వస్తోంది, దగ్గు ఆగట్లేదు అంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి. తాగినవాడిలా తూలుతున్నారు, మాట తేడాగా ఉంది అంటే మెదడు వాపు. ఒక కాలి మడమను రెండో కాలి వేళ్లకు ఆనిస్తూ గీత మీద నడవమనండి, నడవలేకపోతే అర్ధరాత్రైనా సరే కిందికి దించాలి. ఆక్సిజన్ సిలిండర్ దిగేదాకా పనికొస్తుంది, దిగడానికి బదులు కాదు.


జీతం_చాలని_ట్రెక్కర్

అందరూ జాగ్రత్తలు చెప్తున్నారు, ఒకరైనా అసలు ఎందుకు అని అడగరేం. మంచు చూడలేదు, పొట్ట ఉంది, మొదటి కొండే 6,250! మన పూర్ణ 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిందని ఊరంతా చెప్పుకుంటాం, కానీ ఆ పిల్లల్ని భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి డార్జిలింగ్, లదాఖ్ అంటూ నెలల తరబడి తయారుచేసి పంపారు, అది ఎవరికీ గుర్తుండదు. నీకు నెట్‌లో ఒక ప్యాకేజీ, ఒక ఫోన్ కాల్.

ఉత్తరకాశీలోనో డార్జిలింగ్‌లోనో నాలుగు వారాల బేసిక్ కోర్సు ఉంటుంది, అది చేసి వెళ్లు. సెలవు దొరకదంటావా, అయితే ఈసారి మార్ఖా లోయ ట్రెక్ మాత్రం చేసి కోంగ్‌మారు లా దాటి రా. ఊళ్లలో ఇళ్లలోనే పడుకోవచ్చు, ఖర్చు సగం, శరీరం ఎత్తుకు ఎలా స్పందిస్తుందో తెలుస్తుంది. కొండ ఎక్కడికీ పోదు. పోయినా స్టోక్ కాంగ్రీ లాగా మూస్తారేమో, అది వేరే సంగతి.


నిజాంపేట్_వాసి

జీతం బ్రదర్, మాట కటువుగా ఉన్నా న్యాయమే, కానీ నాలుగు వారాల సెలవు అడిగితే కోర్సు అయ్యేసరికి ఉద్యోగం కూడా ఉండదు.

డాక్టరమ్మ గారూ, ఫోన్ చేసి అడిగాను. మీరన్నట్టే చోగ్దో దారి! మార్ఖా మీదుగా ఎందుకు వెళ్లరంటే "అక్కడ చూడ్డానికి ఏమీ ఉండదు సార్, టైం వేస్ట్" అన్నాడు. ఎంతమందికి ఒక గైడ్ అంటే "మావాళ్లు ఎక్స్‌పర్ట్స్ సార్" అన్నాడు. మూడోసారి అడిగితే ఆరుగురికి ఒకరు. 12 రోజులవాళ్లు మాత్రం అడక్కుండానే ముగ్గురికి ఒకరు అని చెప్పారు, ఒక రోజు పూర్తిగా మంచు మీద ప్రాక్టీస్, వాతావరణం బాగోకపోతే వాడుకోవడానికి ఒక రోజు ఖాళీ ఉంచారు. ఆ 22 వేలు ఎటు పోతున్నాయో ఇప్పుడు తెలిసింది.

ఇంట్లో చెప్పాను. మా ఆవిడ ఒక్కటే అడిగింది, గైడ్ వద్దంటే నువ్వు తిరిగొస్తావా అని. వస్తాను అన్నాను, నమ్మినట్టు లేదు. ఇక హైదరాబాద్‌లో ఉండి ఎలా ప్రాక్టీస్ చేయాలో ఎవరైనా చెప్పండి, కేబీఆర్ పార్క్‌లో నడిస్తే చాలా?


సైనిక్‌పురి_అక్క

కేబీఆర్ పార్క్ మోకాళ్లకు మంచిది తమ్ముడూ, నెమళ్లు కూడా కనిపిస్తాయి, కొండకు మాత్రం చాలదు. నేను 47 ఏళ్లప్పుడు ఎక్కాను కాంగ్ యాత్సే 2, అందరికంటే వెనకాల, పైకి చేరేసరికి ఎనిమిదైంది. అప్పటికే మంచు మెత్తబడుతోందని గైడ్ ఐదు నిమిషాల్లో దిగమన్నాడు. అంత కష్టపడి ఎక్కితే ఐదు నిమిషాలు! పక్కనే కాంగ్ యాత్సే 1 ఉంటుంది, ఇంకో 150 మీటర్లు ఎత్తు, కత్తి అంచులా ఉంటుంది, దాన్ని చూస్తే మనం ఎక్కింది ఎంత తేలికో తెలుస్తుంది.

నేను చేసిందంతా మెట్లే. మా అపార్ట్‌మెంట్ తొమ్మిది అంతస్తులు, బ్యాగులో బియ్యం పోసుకుని ఎక్కడం, దిగడం. మొదట్లో మూడు కిలోలు, చివరికి పది. వాచ్‌మన్ రెండో వారం నన్ను పక్కకు పిలిచి "మేడం, లిఫ్ట్ బాగానే ఉంది" అన్నాడు. దిగడం వదలొద్దు, అందరూ పైకి మెట్లెక్కి కిందికి లిఫ్ట్‌లో వస్తారు, అక్కడ తొడలు పట్టేసేది దిగేటప్పుడే. ఆదివారాలు భువనగిరి కోటకో అనంతగిరికో వెళ్లేదాన్ని. ఒకసారి తిరుపతి వెళ్లి అలిపిరి 3,550 మెట్లు ఎక్కి, దర్శనం అయ్యాక మళ్లీ నడిచే దిగాను, మా అమ్మ మొక్కు అనుకుంది, నేనేమీ చెప్పలేదు.

ఇవి ఎవరూ చెప్పరు కాబట్టి రాస్తున్నాను. మన దగ్గర తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ లదాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. అదీ లేహ్ దాటి లోయలోకి వెళ్లాక నాకు రోజుల తరబడి పలకలేదు, కాబట్టి ఇన్ని రోజులు ఫోన్ రాదని మీ ఆవిడకు ముందే చెప్పు. శాటిలైట్ ఫోన్ అనుమతి లేకుండా మన దేశంలో వాడకూడదు, తీసుకెళ్తే ఎయిర్‌పోర్ట్‌లోనే ఇబ్బంది. ఎవరికైనా బాగోకపోతే ఎలా దించుతారు, గుర్రాలు ఎప్పటిదాకా క్యాంప్‌లో ఉంటాయి అన్నది ఆపరేటర్ని అడుగు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఎంత ఎత్తు వరకు వర్తిస్తుందో చదువు, చాలా పాలసీలు నీకు కావలసిన చోటికి ముందే ఆగిపోతాయి. శిఖరం రాత్రి నీళ్ల సీసాని బ్యాగులో తలకిందులుగా పెట్టుకో, నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత దగ్గర తాగడానికి మిగులుతాయి. హెడ్‌ల్యాంప్ బ్యాటరీలు, ఫోన్ స్లీపింగ్ బ్యాగ్‌లో నీతోపాటే పడుకోవాలి.

తిండి. నిమాలింగ్ దాటాక నాకు అన్నం చూస్తేనే వద్దనిపించింది, వంటవాడు పాపం పాస్తా కూడా చేసి పెట్టాడు. ఇంటి నుంచి తీసుకెళ్లిన కరివేపాకు పొడి, నిమ్మకాయ ఊరగాయ లేకపోతే రెండు రోజులు ఏమీ తినేదాన్ని కాదు. తీసుకెళ్లు, వంటవాడికి కూడా కొంచెం పెట్టు. మా వంటాయన ఊరగాయ సీసా ఖాళీ చేసి, వెళ్లేటప్పుడు మళ్లీ ఎప్పుడొస్తారు అని అడిగాడు, నన్నో ఊరగాయనో తెలియలేదు.


గుట్టలపిచ్చి

అక్కా, వాచ్‌మన్ మాటకు ఆఫీసులో గట్టిగా నవ్వేశా.

నిజాంపేట్ అన్నా, మరి ఏది ఫిక్స్ చేశావ్?


నిజాంపేట్_వాసి

12 రోజులదే. అడ్వాన్స్ కట్టేశాను, ఆగస్టు రెండో వారం. మేనేజర్‌కి ఇంకా చెప్పలేదు. అక్కా, మీరు చెప్పినవన్నీ రాసుకున్నాను, నిన్న బియ్యంతో ఆరు అంతస్తులు ఎక్కాను, ఏడోది దేవుడెరుగు. డాక్టరమ్మ గారూ, మా ఫిజీషియన్ దగ్గర వచ్చే వారం అపాయింట్‌మెంట్ ఉంది.

బూట్లే మిగిలాయి. నాది కూడా 9. కొత్తవి కొందామంటే మంచు బూట్ల రేటు చూసి కళ్లు తిరిగాయి, అదీ హైదరాబాద్‌లోనే.


గుట్టలపిచ్చి

గోళ్లు ఊడినప్పుడే కసితో కొన్నా, 9 సైజు, మళ్లీ వెళ్లలేదు, అల్మారాలో పడి ఉన్నాయి. శనివారం పొద్దున ఆరింటికి ఖాజాగూడ గుట్ట దగ్గరకు రా, వేసుకుని రాళ్ల మీద నడిచి చూసుకో. బియ్యం బ్యాగు మర్చిపోకు.